తూటా లేదనుకున్న తుపాకీ

“చేతులు కడుక్కోనివ్వలేదా నిన్ను?”

గదిలో అడుగుపెడుతూనే ఓపల్ ట్రెవినో అడిగిన మొదటి ప్రశ్న అదే. బల్లకు అవతల కూర్చున్న అమ్మాయి లేదన్నట్టు తల ఊపింది. ఆమె గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, మణికట్ల దాకా నెత్తురు ఎండి నల్లబడి ఉంది.

“తుపాకీ మందు అంటిందేమోనని చేతులకి పరీక్ష చేశారు మేడమ్. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు.”

“పరీక్ష అయిపోయాక ఇంకా అలా కూర్చోవడమెందుకు? లే. ఆ మూల కుళాయి ఉంది.”

అమ్మాయి పేరు టెస్సా రెన్‌ఫ్రో. టెక్సస్ పడమటి కొసన ఉన్న లానో బ్లఫ్ యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. లైసెన్సున్న విద్యార్థి తుపాకీ దాచుకుని క్యాంపస్‌లో తిరగడం తన హక్కని వాదించే క్లబ్బుకు ఆమే అధ్యక్షురాలు. ఆ హక్కు కాలేజీల్లో ఉండకూడదని రాష్ట్రమంతా తిరిగి చెప్పిన మనిషి చరిత్ర ప్రొఫెసర్ ఆన్సెల్ విట్‌మైర్. ఆ సాయంత్రం నాలుగు దాటాక, తన గదిలోనే ఆయనకు గుండు తగిలింది. ఇప్పుడు ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. నెత్తుటి మడుగులో ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని దొరికింది టెస్సా.

ఓపల్ క్యాంపస్ పోలీసుల్లో డిటెక్టివ్ సార్జెంట్. ఉన్నది చిన్న స్టేషనే అయినా, తన చేతికొచ్చిన కేసును సగంలో వదిలిన పాపాన పోలేదామె. అయితే కాల్పులంటే కౌంటీ షెరీఫ్ ఆఫీసు కూడా దిగుతుంది. అక్కడి నుంచి దిగినవాడు డిటెక్టివ్ లైల్ గ్రీవర్. వచ్చిన కాసేపటికే ఇదే అమ్మాయి అని తేల్చేసి, అరెస్టుకు జడ్జి సంతకం కోసం మనిషిని పంపాడు.

టెస్సా చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. వెన్ను నిటారుగానే ఉంది.

“నీ తుపాకీ నుంచి ఈమధ్యే కాల్చిన వాసన వస్తోందట.”

“పొద్దున మా క్లబ్బు వాళ్లతో మైదానానికి వెళ్లి కాల్చాను. బుధవారం బుధవారం వెళతాం.”

“ప్రొఫెసర్‌కి తగిలిందీ నీ తుపాకీలో పట్టే గుండే. తొమ్మిది మిల్లీమీటర్లది.”

“ఈ కౌంటీలో సగం మంది దగ్గర ఉండేది అదే మేడమ్. మీ నడుముకున్నదీ అదే.”

ఓపల్‌కు నవ్వు వచ్చింది గానీ బయట పడనివ్వలేదు. “ఆయన గదికి తుపాకీతోనే వెళ్లావా?”

“లేదు. కారులో పెట్టెలో పెట్టి తాళం వేసి వెళ్లాను. ఆయన తలుపు మీద బోర్డు ఉంటుంది, ఈ గదిలోకి తుపాకులు తేవద్దని. సొంత గదికి అలా పెట్టుకునే హక్కు ఆయనకుంది. నా హక్కు కోసం నోరు నొప్పెట్టేలా అరుస్తూ ఆయన హక్కుని తొక్కేస్తే నన్నెవరు మనిషిగా చూస్తారు?”

“బట్టల కింద ఉంటే ఆయనకేం తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది కదా.”

ఓపల్ ఆ మొహంలోకి చూసింది. ఈ పిల్లతో తనకు ఒక్క విషయంలోనూ పొత్తు కుదరదు. క్యాంపస్‌లో తుపాకులు అనుమతించే చట్టం వద్దని శాసనసభలో నిలబడి చెప్పిన పోలీసుల్లో తనూ ఒకతె. అయినా ఆ ఒక్క మాటకు లోపల ఎక్కడో గర్వంగా అనిపించింది, సొంతపిల్ల అన్నట్టు.

“మరి ఆయనంటే నీకు పడదుగా. ఎందుకెళ్లావు?”

“రేపు సాయంత్రం మా ఇద్దరికీ ఆడిటోరియంలో వాదన ఉంది. వారం నుంచి నా వాదన దిద్దుతున్నది ఆయనే. ‘బలహీనంగా వాదించే పిల్లని ఓడిస్తే నాకేం గొప్ప? బాగా తయారై రా’ అన్నాడు. ఊరికి దూరంగా ఉన్న మా పశువుల రాంచ్‌కి పోలీసుని పిలిస్తే ముప్పావుగంటకి వస్తాడు. చిన్నప్పుడు ఒక రాత్రి ఆ ముప్పావుగంటా మా అమ్మ తలుపు దగ్గర తుపాకీతో నిలబడింది. ఆ సంగతి సభలో చెప్పు అన్నదీ ఆయనే. అది చెబితే జనం నా వైపు తిరుగుతారని తెలిసీ.”

“తర్వాత?” అంది ఓపల్.

“ఆయన దగ్గర్నుంచి బయల్దేరి మెట్లు దిగుతుంటే చప్పుడయింది. వెనక్కి పరిగెత్తాను. కారిడార్ అవతలి చివర తలుపు మూసుకుంటోంది. ఎవరో పొడుగాటి మనిషి, గోధుమరంగు జాకెట్టు, చేతిలో నీలం సంచీ. వీపే కనిపించింది. అది చెబితే గ్రీవర్ గారు నవ్వారు.”

“కాల్చినవాడు లోపలే ఉండొచ్చని తోచలేదా?”

“తోచింది.”

“నీ చేతిలో ఏమీ లేదు.”

“లేదు. ఆయన మూలుగుతున్నాడు. గాయం మీద నా కండువా నొక్కిపట్టాను.” తలెత్తి సూటిగా చూసింది. “నా అభిప్రాయం మారిందేమో అనుకోకండి మేడమ్. ఆ క్షణాన తుపాకీ ఉంటే బావుండుననే అనిపించింది. లేదు కాబట్టి ఆగిపోలేను కదా.”

ఓపల్ లేవబోతూ చివరి ప్రశ్న వేసింది. “ఈ మధ్య ఆయన నీతో వింతగా ఏమైనా అన్నాడా? నీకు నవ్వొచ్చింది కూడా చెప్పు.”

టెస్సా ఆలోచించింది. “పోయిన నెల ఒకసారి అడిగాడు, పిస్తోలు నుంచి తూటాలు తీయడం ఎలా అని. వాదనకి పనికొస్తుందన్నాడు. తుపాకీ ముట్టని మనిషి నన్నడిగాడే అని పొంగిపోయాను. పెన్ను పట్టుకుని చూపించాను. ముందు పిడిలోంచి తూటాలుండే మ్యాగజైన్ లాగెయ్యాలి, దాన్ని తుపాకీకి దూరంగా వేరేచోట పెట్టాలి అన్నాను. ఇంతలో గంట కొట్టారు. క్లాసుకి వెళ్లిపోయాడు.”

“అంతేనా చెప్పావు?”

“మిగతాది తర్వాత చెబుతానన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.” అంటూనే టెస్సా మొహం పాలిపోయింది. “మేడమ్... తుపాకీ గొట్టం వెనక ఒక తూటా ఉండిపోతుంది. మ్యాగజైన్ తీసేసినా సరే. అది చెప్పలేదు నేను.”

*

ప్రొఫెసర్ గది రెండో అంతస్తులో ఉంది. గుమ్మంలోనే లైల్ గ్రీవర్ అడ్డంగా నిలబడి కాఫీ తాగుతున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ షెరీఫ్ ఆఫీసులో ఒకే కారులో తిరిగినవాళ్లే. ఓపల్ యూనివర్సిటీకి మారిన రోజు నుంచీ అతని నోటికి అడ్డు లేదు.

“రావమ్మా పార్కింగ్ మహారాణీ! ఎవరైనా కారు అడ్డంగా పెట్టారా?”

“ఇక్కడ అడ్డంగా ఉన్నది నువ్వే. జరుగు లైల్.”

“కేసు అయిపోయింది ఓపల్. ఆ పిల్ల ఈ గుమ్మంలో నిలబడింది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కాల్చింది, కిందికెళ్లి తుపాకీ కారులో పెట్టింది, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి ఏడ్చింది. ఖాళీ తూటా డొప్ప కూడా ఏరుకుపోయింది. గదంతా జల్లెడ పట్టాం, ఎక్కడా లేదు.”

ఓపల్ లోపలికి నడిచింది. ముందు కుర్చీ చూసింది. కిటికీ దగ్గరికి నెట్టేసి ఉంది. దాని మీద ఒక్క చుక్క నెత్తురు లేదు. తర్వాత పైకి చూసింది. సీలింగు గోడను కలిసేచోట చిన్న కన్నం, దాని చుట్టూ పెచ్చు ఊడి ఉంది.

“గుండు అక్కడ దొరికిందా?”

“అక్కడే. అయితే?”

“గుమ్మంలో నిలబడి, కుర్చీలో ఉన్నవాణ్ని కాలిస్తే గుండు కిందికి పోవాలి. సీలింగుకి ఎలా ఎక్కింది? ఎగిరిందా?”

“ఆయన వెనక్కి వాలి ఉంటాడు.”

“కుర్చీకి నెత్తురంటకుండా వాలాడా?”

గ్రీవర్ కాఫీ కప్పు కింద పెట్టాడు. ఓపల్ బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. బల్ల అంచు కింద, నడుమెత్తులో, చెక్క మీద మసి. వేలుతో తాకకుండా వాసన చూసింది. కాలిన మందు. కింద తివాచీలో నీలంరంగు పోగులు, కొనలు కాలి ముడుచుకున్నవి. అట్టడుగు సొరుగు సగం తెరిచి ఉంది. తాళంచెవి ఇంకా దానికే వేలాడుతోంది. సొరుగు ఖాళీ.

“తుపాకీ గుడ్డసంచీలో ఉండగానే పేలింది లైల్. అందుకే నీ జల్లెడకి తూటా డొప్ప చిక్కలేదు. అది ఆ సంచీలోనే ఉండిపోయింది. ఆ సంచీ ఈ సొరుగులో ఉండేది. ఇద్దరు మనుషులు దాన్ని చెరో పక్కా పట్టుకుని లాగారు. ఎవరి వేలో గుడ్డ మీంచే మీట మీద పడింది. గుండు కింద నుంచి పైకి, ఆయన భుజంలోంచి సీలింగులోకి పోయింది.”

“తుపాకులంటే గిట్టని మనిషి సొరుగులో తుపాకీ? నీకు మతి పోయిందా?”

“తనది కాదు. ఎవరిదో దాచిపెట్టాడు.” ఓపల్ లేచి గది నలువైపులా చూసింది. “మ్యాగజైన్ తీసి దూరంగా పెట్టమని ఆయనకి ఎవరో చెప్పారు. చెప్పిన మాట వినే మనిషైతే అది ఇక్కడే, బల్లకి దూరంగా ఉండాలి.”

బల్లకు ఎదురుగోడ నిండా పుస్తకాలు. ఓపల్ చేతితొడుగులు వేసుకుని ఒక్కో వరస వెనక్కి చెయ్యి పోనిచ్చింది. గ్రీవర్ గడియారం చూస్తూ పళ్లు నూరాడు. మూడో అరలో, లావుపాటి అట్లాసుల వెనక ఆమె చెయ్యి ఆగింది. బయటికి తీసింది చేతిరుమాలు చుట్టిన మ్యాగజైన్. నిండా తూటాలు. అడుగున ఆకుపచ్చ రంగుతో ఒక గీత.

“ఆ పిల్ల పిస్తోలు నీ దగ్గరుందిగా. సీలు చేసిన ప్లాస్టిక్ సంచీలోంచి తీయక్కర్లేదు, దీని పక్కన పట్టు.”

గ్రీవర్ పట్టాడు. టెస్సా పిస్తోలు పిడి సన్నం. ఈ మ్యాగజైన్ దానికి దాదాపు రెండింతల లావు. ఎవరు ఎంత నెట్టినా అందులో దూరదు. గ్రీవర్ చెవులు ఎర్రబడ్డాయి.

“అది వేరే తుపాకీది. ఇప్పుడు ఆ గోధుమరంగు జాకెట్టు వాడి దగ్గరుంది,” అంది ఓపల్. “ఆ పిల్ల చెప్పింది. నువ్వు నవ్వావు.”

“పార్కింగ్ చీటీలు రాసుకునే స్టేషను నాకు పాఠం చెబుతుందా?”

“మా స్టేషనులో ఉన్నది ఎనిమిది మందిమే. ఇంతవరకు ఒక్క తప్పు మనిషికి కూడా బేడీలు వెయ్యలేదు. నీ ఆఫీసు ఆ మాట అనగలదా?”

గ్రీవర్ విసవిసా బయటికి నడిచాడు, జేబులోంచి ఫోను తీస్తూ. అతనెవరికి ఫోను చేస్తున్నాడో ఓపల్ అప్పుడు పట్టించుకోలేదు. ఆమె మనసంతా ఆ ఆకుపచ్చ గీత మీదే ఉంది. తుపాకీని అసహ్యించుకునే మనిషి చేతికే వెళ్లి తన తుపాకీ అప్పగించినవాడు ఎవడు? అడిగినా తిరిగి ఇవ్వని మనిషి కావాలనుకున్నవాడు. తన చెయ్యి తన ప్రాణం మీదికే లేస్తుందని భయపడినవాడు.

*

ఓపల్ స్టేషనుకు తిరిగొచ్చి, ప్లాస్టిక్ సంచీలోని మ్యాగజైన్ బల్ల మీద పెట్టి అది ప్రొఫెసర్ గదిలో ఎలా దొరికిందో చెప్పగానే టెస్సా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఈ గీత మేమే వేస్తాం. మైదానంలో ఒకరివి ఒకరికి కలిసిపోకుండా ఒక్కొక్కరికీ ఒక్కో రంగు. ఆకుపచ్చ కోల్బీది. కోల్బీ మేబెన్. నెల రోజులుగా రావడం లేదు. పరీక్షలేమో అనుకున్నాను.” ఆమె ఆ సంచీని దగ్గరికి లాక్కుంది. “నా క్లబ్బు మనిషి మేడమ్. వాడికి అంత కష్టమొస్తే నా దగ్గరికి రాలేదు. మేము ఓడించాలనుకున్న ఆయన దగ్గరికి వెళ్లాడు.”

“నీ దగ్గరికొస్తే చిన్నబోతాననుకున్నాడేమో. ఆయన దగ్గర ఆ భయం లేదు.” ఓపల్ వంగి అడిగింది. “వాడికి ఇలాంటివి ఇంకా ఉన్నాయా?”

“కొన్నప్పుడు డబ్బాలో రెండిస్తారు. రెండోది వాడి గదిలోనే ఉండాలి.”

సరిగ్గా అప్పుడే ఓపల్ ఫోను కీచుమంది. బల్ల మీద టెస్సా ఫోనూ, కారిడార్‌లో ఎవరిదో, అవతలి గదిలో ఇంకెవరిదో అన్నీ ఒకేసారి మోగాయి. తెర మీద కౌంటీ ఆఫీసు హెచ్చరిక. క్యాంపస్‌లో ఆయుధంతో దుండగుడు. పొడుగాటి యువకుడు, గోధుమరంగు జాకెట్టు, నీలం సంచీ. ఒకరిని కాల్చాడు. ప్రాణాలు కాపాడుకోండి.

ఈ చలిలో మగపిల్లల్లో సగం మంది వేసుకునేది గోధుమరంగు జాకెట్టే. ఎవరి నడుముకు తుపాకీ ఉందో ఎవరికీ తెలియదు. ప్రతివాడూ కాపాడేవాణ్ని నేనేననుకుంటాడు.

గ్రీవర్ తలుపు తోసుకుని వచ్చాడు. “చూశావా? ఇంకో పావుగంటలో వాణ్ని ఎవరో ఒకరు ఆపేస్తారు. ఇంతకీ పేరేమైనా తెలిసిందా?”

“కోల్బీ మేబెన్,” అంది టెస్సా.

గ్రీవర్ అక్కడే ఆగిపోయాడు. గోడకు చెయ్యి ఆనించుకున్నాడు.

“లైల్?”

“వాడు... మా చెల్లెలి కొడుకు.” ఓపల్ వైపు తిరిగాడు. “నా మేనల్లుడు ఓపల్. ఆ తుపాకీ నేనే కొనిచ్చాను, పుట్టినరోజుకి. పోయిన ఆదివారం భోజనాల దగ్గర చూపించరా అన్నాను. తన దగ్గర లేదన్నాడు. తుపాకీ దగ్గర పెట్టుకోలేనివాడివి మగాడివేనా అని అందరి ముందూ నవ్వాను. అందుకే తిరిగి తెచ్చుకోడానికి వెళ్లుంటాడు.”

ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి పోగైన మాటలన్నీ ఓపల్ నాలుక చివరికి వచ్చాయి. ఒక్కటీ అనలేదు. “రేడియో తియ్యి. నీ మనుషుల్ని వెనక్కి పిలు. ఒక్కడు కూడా తుపాకీ ఎత్తకూడదు. ఆ హెచ్చరిక రద్దు చేయించు. కదులు లైల్!”

అతను రేడియోలోకి అరవడం మొదలుపెట్టాడు. టెస్సా అప్పటికే తన ఫోను అందుకుంది. “మా వాళ్లు అరవై మంది ఉన్నారు మేడమ్. చెప్పనివ్వండి.”

పేరు బయట పెట్టడం నిబంధనలకు విరుద్ధం. ఓపల్ ఒక్క క్షణం ఆలోచించి తల ఊపింది. టెస్సా వేళ్లు ఫోను మీద పరుగెత్తాయి. ‘తుపాకీ ఎవరూ ముట్టుకోవద్దు. వాళ్లు వెతుకుతున్నది మన కోల్బీని. వాడు ఎవరినీ చంపాలనుకోలేదు. తలుపులేసుకుని కూర్చోండి. ఇది నా మాట.’

తర్వాత అతనికే ఫోను చేసి, అందరికీ వినిపించేలా బల్ల మీద పెట్టింది. చాలాసేపు మోగింది. ఆగిపోతుందనుకున్నప్పుడు అవతల ఊపిరి వినిపించింది.

“కోల్బీ, నేను టెస్సాని. ఎక్కడున్నావు?”

“నా రూములో.” సన్నటి గొంతు. “ఆయన చనిపోయాడు కదా?”

“లేదు! ఆపరేషన్ జరుగుతోంది. అంబులెన్సు వచ్చేదాకా నా చేత్తో పట్టుకునే ఉన్నాను. ఊపిరి ఉంది, మూలుగుతూనే ఉన్నాడు.”

“అబద్ధం. నన్ను దుండగుడన్నారు. అందరికీ పంపారు.”

ఓపల్ ముందుకు వంగింది. “బాబూ, నేను క్యాంపస్ పోలీసు సార్జెంట్‌ని. అది పొరపాటున పంపారు. ఏం జరిగిందో నాకు తెలుసు. ఆ సంచీ కోసం ఇద్దరూ లాక్కున్నారు. నువ్వు కాల్చలేదు. అది ఖాళీ అనుకున్నారు ఇద్దరూ. అవునా?”

గ్రీవర్ రేడియో దించి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి ఫోనునే చూస్తున్నాడు.

“రెండో మ్యాగజైన్ ఎక్కించేశాను,” అన్నాడు కోల్బీ.

అంతలో ఫోనులో తలుపు కొట్టిన చప్పుడు. గట్టిగా, ఆగకుండా.

“ఎవరో వచ్చారు. నన్ను చంపడానికొచ్చారు.” అతని గొంతు పైకి లేచింది. “టెస్సా, ఎవరో తలుపు కొడుతున్నారు!”

“ఎవరది?” టెస్సా ఫోను మీదికి వంగి కేకపెట్టింది. “తలుపు దగ్గర ఎవరది? నేను టెస్సాని! చేతిలో ఏముంటే అది కింద పెట్టు!”

చప్పుడు ఆగింది. తలుపు అవతలి నుంచి, దూరంగా, ఎగశ్వాసతో ఒక మగపిల్లాడి గొంతు వినిపించింది.

“టెస్సా, నేను రూబెన్‌ని. పక్క రూము. నీ మెసేజ్ చూశాను. నాది నా గదిలోనే పెట్టి తాళం వేసి వచ్చాను. నా చేతుల్లో ఏమీ లేదు. ఒరేయ్ కోల్బీ, తలుపు తియ్యరా. ఏమీ మాట్లాడక్కర్లేదు. ఊరికే నీతో కూర్చుందామని వచ్చాను.”

టెస్సా కళ్లలోంచి నీళ్లు బల్ల మీద రాలాయి. తుడుచుకోలేదు. వెన్ను మాత్రం ఇందాకటి కంటే నిటారుగా ఉంది. ఓపల్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

చాలాసేపటి తర్వాత ఫోనులో గడియ తీసిన శబ్దం. కుర్చీ ఈడ్చుకున్న శబ్దం. ఆ వెనకే, బల్ల మీద ఏదో బరువైన వస్తువును మెల్లగా పెట్టిన శబ్దం.